నార్నియా సినిమాలో సింహం యేసుకు గుర్తా?

అవును, కానీ పూర్తిగా కాదు. మా వైజాగ్‌లో గుడ్ ఫ్రైడే నాడు చర్చిలో సిలువపై పలికిన ఏడు మాటలు వింటూ పెరిగినవాళ్లకి ఈ పోలిక వెంటనే తడుతుంది. కథలోని ఎడ్మండ్ అనే పిల్లవాడు చేసిన ద్రోహానికి పడాల్సిన మరణశిక్షను ఆ సింహం, అస్లాన్, తన మీద వేసుకుంటాడు. రాతిబల్ల మీద చనిపోయి, తెల్లారేసరికి తిరిగి లేస్తాడు. అది మొదట చూసేది ఎడ్మండ్ అక్క సూసన్, చెల్లెలు లూసీ. సువార్తల్లో కూడా సమాధి దగ్గరికి ముందు వెళ్లింది స్త్రీలే కదా.

అయితే రచయిత సి.ఎస్. లూయిస్ దీన్ని రూపక కథ అంటే ఒప్పుకోలేదు. నార్నియా లాంటి లోకం నిజంగా ఉండి, క్రీస్తు అక్కడికి సింహంగా వస్తే ఏం జరుగుతుందన్న ఊహ అన్నారు. అక్కడ అస్లాన్ ప్రాణం ఇచ్చేది తప్పు చేసిన ఒక్క పిల్లవాడి కోసం. నన్ను ఏడిపించేది అదే.

1950 నాటి నవలలో లేని ఒక మాట 2005 సినిమాలో చేర్చారు. చివరి యుద్ధంలో శత్రువైన మంత్రగత్తెను చంపాక అస్లాన్ 'ఇట్ ఈజ్ ఫినిష్డ్' అంటాడు. మన తెలుగు బైబిల్లో యోహాను 19:30లో ఉన్న 'సమాప్తమైనది' అదే. కానీ యేసు ఆ మాట పలికింది తన ప్రాణం విడిచేటప్పుడు, శత్రువు ప్రాణం తీశాక కాదు. ఈ మార్పు నాకు నచ్చలేదు. త్యాగం మాటను తీసుకెళ్లి యుద్ధంలో పెట్టేశారు.