విక్టోరియా కాలపు జేబు దిక్సూచి అసలుదో, నకలో ఎలా గుర్తించాలి?

విక్టోరియా రాణి కాలం (1837–1901) నాటిదంటూ అమ్మకానికి వచ్చిన జేబు దిక్సూచిని పరీక్షించేటప్పుడు, దాని మీద చెక్కిన పేరు కన్నా పనితనానికే ఎక్కువ విలువ ఇవ్వాలి. పేరు చెక్కడం ఎవరికైనా సులభమే. మూతపై పెద్ద అక్షరాలతో "స్టాన్లీ, లండన్, 1885" అని మెరిసే ఇత్తడి దిక్సూచులు చాలావరకు ఇటీవలి నకళ్లు, వాటిలో ఎన్నో మన దేశంలోనే తయారవుతున్నాయి.

ఆనాటి మేలైన దిక్సూచిలో సన్నని ఉక్కు మొనపై తిరిగే ముల్లుకు నడుమ అగేట్ రాయి పొదిగి ఉంటుంది. మూత వేయగానే ఒక చిన్న మీట ఆ ముల్లును పైకెత్తి, ప్రయాణపు కుదుపులకు మొన అరిగిపోకుండా కాపాడుతుంది. మూతను మెల్లగా తెరిచి మూసి, ఈ మీట కదలికను తప్పక గమనించండి. స్క్రూ తలపై ప్లస్ ఆకారపు గాడి కనిపిస్తే ఇక బేరమే అక్కరలేదు, ఎందుకంటే అటువంటి స్క్రూలు 1930ల నుంచి మాత్రమే వాడుకలోకి వచ్చాయి. రేడియం పూత కూడా 20వ శతాబ్దానిదే. చీకట్లో దిశ తెలియడానికి ఆ కాలంవారు వేరే ఉపాయం పన్నారు: 1861 నాటి సింగర్ పేటెంట్ డయల్‌లో ఒక సగం నలుపు, మరో సగం తెలుపు. లండన్‌లోని ఫ్రాన్సిస్ బార్కర్ సంస్థ తయారుచేసిన ఈ రకంతోనే సేకరణ మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం.

కొన్న తరువాత ఇత్తడిని చింతపండుతోనో, పాలిష్‌తోనో తోమకండి. పాతబడిన ఆ రంగు పోతే వస్తువు విలువ కూడా తగ్గుతుంది.