థ్యాంక్స్‌గివింగ్ దాకా ఆగితే గడువు దాటిపోతుంది

ప్రశ్న: మేము డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంటున్నాము. 2024 మే 18న 58 వేల డాలర్లకు 32 అడుగుల కొత్త ట్రావెల్ ట్రైలర్ (ట్రక్కు వెనక తగిలించి లాగుకుపోయే ఇల్లు) కొన్నాము. అందులో ఎక్కువ భాగం బ్యాంకు లోనే. వారంటీ ఒక సంవత్సరం. మొదటి పెద్ద వానకే స్లైడ్ అవుట్ (ట్రైలర్ నిలిపాక పక్కకు జరిపి గది పెంచుకునే భాగం) మూల నుంచి నీళ్లు కారాయి. సెప్టెంబరులో డీలర్ మూడు వారాలు ఉంచుకుని సీలింగ్ చేసి ఇచ్చారు. డిసెంబరులో మళ్లీ కారింది, నేల మెత్తబడింది, లోపల బూజు వాసన మొదలైంది. 2025 ఫిబ్రవరి 10న ట్రైలర్‌ను మళ్లీ డీలర్ ఆవరణలో వదిలి, సర్వీసు కౌంటర్ మూసి ఉండటంతో తాళాలు డ్రాప్ బాక్సులో వేసి వచ్చాను. ఈ 2025 సెప్టెంబరు నెలాఖరుకు కూడా అది అక్కడే ఉంది. ఫ్యాక్టరీ అనుమతి రాలేదని కొన్నాళ్లు, విడిభాగం రాలేదని కొన్నాళ్లు చెప్పి, ఇప్పుడు థ్యాంక్స్‌గివింగ్ నాటికి తప్పక ఇస్తామంటున్నారు. వేసవిలో గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలకు గ్రాండ్ కాన్యన్ చూపించాలనుకున్నాము. వాళ్లు ఏమీ చూడకుండానే తిరిగి వెళ్లారు. నాన్నగారికి 78 ఏళ్లు, మళ్లీ రాగలరో లేదో తెలియదు. ఈ మనోవేదనకు పరిహారం దొరుకుతుందా? లోపమున్న కొత్త వాహనాన్ని వెనక్కి కొనిపించే లెమన్ లాకు రెండేళ్ల గడువు ఉంటుందని విన్నాను కాబట్టి తొందర లేదనుకుంటున్నాను. ఈలోగా లోను వాయిదాలు ఆపేస్తే బ్యాంకే డీలర్ మీద ఒత్తిడి తెస్తుందని మిత్రులు చెబుతున్నారు. అలా చేయవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం ట్రైలర్ ఎన్ని నెలలుగా డీలర్ దగ్గర పడి ఉందో, దానివల్ల మీ కుటుంబం ఏమేమి కోల్పోయిందో చెప్పడానికే పోయింది. అయితే మీ వ్యవహారాన్ని తేల్చేది మీరు మూడు మాటల్లో చెప్పి వదిలేసిన విషయం: వారంటీ ఒక సంవత్సరం. దాని మీదనే మీ గడువు ఆధారపడి ఉంది. ఆ గడువు మీరు అనుకుంటున్నట్టు వచ్చే ఏడాది కాదు, ఈ నవంబరులోనే ముగుస్తుంది.

టెక్సస్‌లో లెమన్ లా అని అందరూ పిలిచేది ఆక్యుపేషన్స్ కోడ్ 2301వ అధ్యాయంలోని నిబంధనలను. ఇవి కార్లకు, సొంత ఇంజనుతో నడిచే మోటార్ హోములకే కాక, మీదిలాంటి లాగుడు ట్రైలర్లకూ వర్తిస్తాయి. డెలివరీ తీసుకున్న తేదీ నుంచి 24 నెలలు లేదా 24,000 మైళ్లలో ఏది ముందైతే ఆ లోపల, వారంటీ మరమ్మతు కోసం వాహనం మొత్తం మీద 30 రోజులు లేదా అంతకంటే ఎక్కువ పని చేయకుండా ఉండి, ఆ కాలంలో దానికి సమానమైన మరో వాహనం మీకు ఇవ్వకపోయి, వాడకాన్ని గానీ మార్కెట్ విలువను గానీ గణనీయంగా దెబ్బతీసే లోపం ఇంకా మిగిలి ఉంటే, తయారీదారు చేత వాహనాన్ని వెనక్కి కొనిపించమని లేదా మార్పించమని అడగవచ్చు. ఆ 30 రోజులు వరుసగా ఉండనక్కర లేదు. మీరు విన్న రెండేళ్ల మాట ఈ లెక్కకు సంబంధించినదే.

ఫిర్యాదు దాఖలు చేయడానికి గడువు మాత్రం వేరే లెక్క. వారంటీ ముగిసిన తేదీ, డెలివరీ తరువాత 24 నెలలు నిండిన తేదీ, 24,000 మైళ్లు నిండిన తేదీ, ఈ మూడింటిలో ఏది ముందు వస్తే దాని నుంచి ఆరు నెలల లోపల ఫిర్యాదు టెక్సస్ మోటారు వాహనాల శాఖకు చేరాలి. ట్రైలర్‌కు మైళ్ల మీటరు ఉండదు కనుక మీకు మిగిలినవి రెండు తేదీలు. మీ వారంటీ 2025 మే 18కి ముగిసింది, కాబట్టి ఫిర్యాదు గడువు 2025 నవంబరు 18తో సరి. డీలర్ చెబుతున్న థ్యాంక్స్‌గివింగ్ 2025లో నవంబరు 27న వస్తుంది. ఆ మాట ఆయన ఏ ఉద్దేశంతో అన్నారో నాకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. ఆ మాట నమ్మి మీరు కూర్చుంటే వాహనాన్ని వెనక్కి ఇచ్చే హక్కుకు తొమ్మిది రోజుల ముందే కాలదోషం పట్టి ఉంటుంది.

కొన్ని కంపెనీలు చట్రానికి, పైకప్పుకు ఒక సంవత్సరం కంటే ఎక్కువ వారంటీ ఇస్తాయి. మీ పుస్తకంలోనూ అటువంటిది ఉండవచ్చు, అది తెరిచి చూడండి. కానీ ఆ పొడిగింపు మీ లోపానికి వర్తిస్తుందా లేదా అన్న వాదన పెట్టుకుని గడువుతో పందెం కాయవద్దు. తక్కువ గడువునే గడువుగా లెక్కపెట్టుకోండి.

రోజుల లెక్కలో మీకు కొదువ లేదు. అసలు చిక్కు ఆధారాల దగ్గర ఉంది, అది కూడా మీ అజాగ్రత్త వల్ల వచ్చింది. 58 వేల డాలర్ల వాహనాన్ని ఒక ఆవరణలో వదిలి, తాళాలు డబ్బాలో వేసి, చేతిలో ఒక్క కాగితం లేకుండా ఇంటికి వచ్చారు. ఉత్తరంతో పాటు మీరు పంపిన రిపేర్ ఆర్డర్‌లో, అంటే వాహనాన్ని మరమ్మతుకు తీసుకున్నట్టు డీలర్ రాసే కాగితంలో, తేదీ చూశారా? అది ఫిబ్రవరి 10 కాదు, జూన్ 3. అంటే డీలర్ కాగితాల ప్రకారం మీరు రెండోసారి ట్రైలర్ ఇచ్చింది వారంటీ ముగిసిన తరువాత. నాలుగు నెలలు దాన్ని ఊరికే నిలిపి ఉంచారా, మరమ్మతు కోసం పెట్టారా అన్న ప్రశ్న రేపు తయారీదారు తరఫు వకీలు తప్పక వేస్తారు. జూన్ 3 నుంచి లెక్కపెట్టినా 30 రోజులు దాటుతాయి, నిజమే. కానీ లోపం వారంటీలో ఉండగానే బయటపడిందనీ, అప్పుడే చెప్పారనీ మీరు నిరూపించవలసి ఉంటుంది.

అందుకు మొదటి ఆధారం 2024 సెప్టెంబరు నాటి రిపేర్ ఆర్డర్. అందులో కస్టమర్ చెప్పిన ఫిర్యాదు అన్న గడిలో స్లైడ్ అవుట్ దగ్గర నీరు కారుతోందని ఒక్క పంక్తి ఉన్నా, ఇప్పటి లోపం కొత్తది కాదనీ అప్పటి మరమ్మతు విఫలమైందనీ చెప్పగలుగుతాము. మీ దగ్గర ఆ కాగితం లేకపోతే డీలర్ దగ్గర మీ వాహనం సర్వీసు చరిత్ర మొత్తం ఈమెయిల్ ద్వారా అడగండి, ఫోనులో అడగవద్దు. తయారీదారుకు డీలర్ పంపిన వారంటీ క్లెయిముల తేదీలు కూడా అందులో అడగండి. ఇటువంటి పెద్ద పనికి ముందు ఫోటోలు పంపి ఫ్యాక్టరీ అనుమతి తీసుకోవడం ఈ వ్యాపారంలో రివాజు. ఆ అభ్యర్థన ఫిబ్రవరిలోనో మార్చిలోనో వెళ్లి ఉంటే జూన్ 3 తేదీకి విలువ ఉండదు.

రెండోది, ఫిబ్రవరి 10 నాటి రాకపోకల ఆధారం. మీరు ఫ్రిస్కో నుంచి టోల్‌వే మీదుగా వెళ్లి ఉంటే ఆ నెల టోల్‌ట్యాగ్ ఖాతా వివరాలు దించుకోండి. నార్త్ టెక్సస్ టోల్‌వే అథారిటీ ఇరుసుల లెక్కన టోలు వసూలు చేస్తుంది కనుక, ట్రైలర్ తగిలించుకుని వెళ్లినప్పుడు పడిన మొత్తం ఎక్కువగానూ, టోలు నమోదు చేసే అదే గ్యాంట్రీ (రోడ్డు మీది కమాను) కింద ఒంటి ట్రక్కుతో తిరిగి వచ్చినప్పుడు పడిన మొత్తం తక్కువగానూ ఉంటుంది. ట్రైలర్‌తో వెళ్లి అది లేకుండా తిరిగి వచ్చారని మీ మాట మీద ఆధారపడకుండా చెప్పే కాగితం అది. సర్వీసు అడ్వైజరుతో నడిచిన వాట్సాప్ సందేశాలను స్క్రీన్‌షాట్లుగా కాక, తేదీలతో సహా మొత్తం సంభాషణగా ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి. తడిసిన నేల ఫోటోలు అసలు ఫైళ్లుగానే ఉంచండి, ఎవరికైనా ఫార్వర్డ్ చేస్తే వాటిలోని తేదీ వివరాలు పోవచ్చు.

ఇక వాయిదాల సంగతి. మిత్రులు ఇచ్చిన ఆ సలహా పాటించవద్దు, ఒక్క నెల కూడా పాటించవద్దు. బ్యాంకుకు మీతో ఉన్నది అప్పు ఒప్పందం. ట్రైలర్ కారుతోందా లేదా అన్నది వాళ్లు చూసుకోవలసిన పని కాదు. వాయిదా తప్పితే టెక్సస్‌లో శాంతిభంగం జరగనంత వరకు కోర్టు ఉత్తర్వు లేకుండానే వాహనాన్ని స్వాధీనం చేసుకునే హక్కు వాళ్లకు ఉంది. పైగా మీ ట్రైలర్ మీ గరాజులో లేదు, తెరిచి ఉన్న డీలర్ ఆవరణలో ఉంది, లాగుకుపోవడం ఎంతో సులువు. దాన్ని వేలం వేసి, నీళ్లు కారే ట్రైలర్‌కు వచ్చినంత రాబట్టుకుని, మిగిలిన బాకీ మీ నుంచి వసూలు చేస్తారు. మీ క్రెడిట్ చరిత్ర చెడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, వెనక్కి కొనండి అని తయారీదారును అడగడానికి మీ చేతిలో వాహనమే ఉండదు. ఫిర్యాదు నెగ్గితే బ్యాంకు బాకీ ఆ లెక్కలోనే తీరుతుంది. అప్పటిదాకా వాయిదాలు కడుతూ ఉండటమే మీ హక్కును కాపాడుకునే మార్గం. వేరే డీలర్‌కు ట్రేడ్ ఇన్ చేసి (దీన్ని ఇచ్చి మరొకటి తీసుకుని) వదిలించుకోవాలన్న ఆలోచన వచ్చినా ఇదే కారణంతో మానుకోండి. సద్భావంగా ఇస్తున్నామంటూ చెక్కు ఏదైనా వస్తే, దానితో వచ్చే కాగితంలో హక్కులన్నీ వదులుకుంటున్నట్టు రాసి ఉందేమో చదవకుండా సంతకం చేయవద్దు.

ఇప్పుడు చేయవలసింది. ఈ వారంలోనే తయారీదారుకు లిఖితపూర్వక నోటీసు పంపండి. ఇంతవరకు మీరు మాట్లాడిందంతా డీలర్‌తోనే. లెమన్ లాలో ప్రతివాది తయారీదారు. లోపం గురించి వారికి రాతపూర్వకంగా తెలియజేసి, సరిచేసే అవకాశం ఇవ్వకపోతే వెనక్కి కొనమని గానీ మార్చమని గానీ ఆదేశించే వీలు శాఖకు ఉండదు. వారంటీ పుస్తకంలో ఉన్న చిరునామాకే, పోస్టాఫీసు నుంచి సర్టిఫైడ్ మెయిల్‌లో, చేరినట్టు రసీదు వచ్చేలా పంపండి. వాహన గుర్తింపు సంఖ్య, డెలివరీ తేదీ, లోపం, రెండుసార్లు ఇచ్చిన తేదీలు, ఇప్పుడు ట్రైలర్ ఎక్కడ ఉందో, ఎప్పుడైనా వచ్చి పరీక్షించి సరిచేయవచ్చన్న అనుమతి, ఇవి ఒక్క పేజీలో ఉంటే చాలు. అమ్మానాన్నల ప్రయాణం సంగతి అందులో రాయవద్దు, ఆగ్రహమూ చూపవద్దు. ఆ ఉత్తరం రేపు విచారణాధికారి ముందు చదవబడుతుంది.

తయారీదారు జవాబు కోసం ఎదురుచూస్తూ ఫిర్యాదు ఆపకండి. అక్టోబరు 15 లోపల, 35 డాలర్ల రుసుముతో, టెక్సస్ మోటారు వాహనాల శాఖలో ఫిర్యాదు దాఖలు చేయండి. మొదట శాఖ సిబ్బంది ఇరుపక్షాల మధ్య రాజీకి ప్రయత్నిస్తారు, కుదరకపోతే విచారణ జరుగుతుంది. వకీలు తప్పనిసరి కాదు, మీరే హాజరు కావచ్చు. వెనక్కి కొనమని ఆదేశం వస్తే, మీరు వాడుకున్న కాలానికి కొంత తగ్గించుకుని మిగతాది ఇప్పిస్తారు. ఈ లోపం వల్ల ట్రైలర్‌ను లాగించిన ఖర్చు, దూర ప్రయాణంలో అది చెడిపోయినప్పుడు అయిన బస, భోజనం ఖర్చులు రసీదులు ఉంటే అడగవచ్చు.

మీరు అడిగిన మనోవేదన పరిహారం ఈ దారిలో రాదు. అది టెక్సస్ మోసపూరిత వ్యాపార పద్ధతుల చట్టం కింద, అవతలివారు తెలిసి తెలిసీ చేశారని నిరూపించగలిగితేనే వస్తుంది. ఆ దావాకు ముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలి, కాలపరిమితి రెండేళ్లు. వారంటీ పనిలో జాప్యం జరిగిందన్న ఒక్క మాటతో అది నిలవదు. డీలర్ ఫిబ్రవరిలో లేని అనుమతి ఉందని అబద్ధం చెప్పాడని మీ సందేశాల్లో ఎక్కడైనా ఉంటే, అప్పుడు మళ్లీ రాయండి.

నవంబరు 18 ఏ కారణంచేతనైనా జారిపోయినా దారులన్నీ మూసుకుపోవు. వారంటీలో ఉండగా చెప్పిన లోపాన్ని బాగుచేయించమని శాఖను అడగవచ్చు, కానీ దానివల్ల మరమ్మతే వస్తుంది తప్ప డబ్బు వెనక్కి రాదు. 1975 నాటి ఫెడరల్ మాగ్నుసన్ మాస్ వారంటీ చట్టం కింద కోర్టుకు వెళ్లవచ్చు, గెలిస్తే వకీలు ఫీజు కూడా అవతలివారి నుంచి ఇప్పించే అవకాశం ఉంది. అమ్మకపు ఒప్పందం కింద దావాకు సాధారణంగా డెలివరీ నుంచి నాలుగేళ్లు ఉంటుంది. అయితే ఆర్‌వీ (ట్రైలర్లు, మోటార్ హోముల వంటి వాహనాలు) కంపెనీలలో చాలా భాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల ఉన్నాయి. వాటి వారంటీ పుస్తకాల్లో దావా ఇండియానా కోర్టులోనే వేయాలనీ, చాలా తక్కువ కాలంలో వేయాలనీ షరతులు తరచూ కనిపిస్తాయి. ఇండియానా లెమన్ లాలో మోటార్ హోములకు చోటే లేదు. అటువంటి షరతులు మీ విషయంలో చెల్లుతాయా లేదా అని రెండేళ్లు వాదించడం కంటే, మీ ఊళ్లో 35 డాలర్లతో అయ్యే పని గడువులోపల చేసుకోవడం మేలు.

ఇది చదివే ఇతర రాష్ట్రాల వారు ఈ తేదీలను తమకు అన్వయించుకోవద్దు. ఉదాహరణకు కాలిఫోర్నియాలో సాంగ్ బెవర్లీ చట్టం ప్రకారం, కొనుగోలుదారు రాతపూర్వకంగా వేరే గడువుకు ఒప్పుకోకపోతే, వారంటీ మరమ్మతు 30 రోజుల్లో పూర్తి కావాలి. అక్కడ ఆలస్యానికి ఒప్పుకుంటూ కౌంటర్ దగ్గర చేసే ఒక్క సంతకం చాలా ఖరీదైనది.

చివరిగా ట్రైలర్ స్థితి గురించి. విచారణ నాటికి లోపం ఉండాలన్నది చట్టం పెట్టిన షరతు. బయటి మెకానిక్‌తో సీలింగ్ చేయించి, నేల మార్పించి, ఆ బిల్లు వసూలు చేసుకుందామనుకోవద్దు. నష్టం పెరగకుండా పైన టార్పాలిన్ కప్పమని డీలర్‌కు ఈమెయిల్ పంపండి, అంతవరకు చాలు. డీలర్ అనుమతితో ఒక స్వతంత్ర ఆర్‌వీ ఇన్‌స్పెక్టర్‌ను తీసుకువెళ్లి, స్లైడ్ అవుట్ కింద నేలకు తేమ మీటరు పెట్టించి, రీడింగు కనిపించేలా ఫోటో తీయించి, సంతకంతో నివేదిక తీసుకోండి. ఫిర్యాదుతో పాటు ఆ నివేదికను, 2024 సెప్టెంబరు రిపేర్ ఆర్డర్‌ను, సర్టిఫైడ్ మెయిల్ రసీదును జతచేయండి. డీలర్ ఇన్‌స్పెక్టర్‌ను రానివ్వకపోతే ఆ నిరాకరణను ఈమెయిల్‌లో రాయించుకుని దాన్నే జతచేయండి.