కందిరీగల లెక్క మొదలుపెట్టబోతున్న అమ్మలుకి

అమ్మలూ,

కందిరీగలు ఒక వేసవిలో విరగబడి, మరుసటి వేసవిలో ఎందుకు కనబడకుండా పోతాయో తేల్చే పనిలో దిగుతున్నావని మీ అమ్మ చెప్పింది. నేను చేసిన పనే నువ్వూ ఎంచుకున్నందుకు ఎంత పొంగిపోయానో! ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

తేదీ, వాన, ఎండ ఏ రోజుకారోజు రాసుకో. ఉచ్చులు ఏటా అవే చోట్ల పెట్టు. ఇవి నీకు తెలియనివి కావు.

చలి ప్రాంతాల్లో కందిరీగల తుట్టె ఒక్క ఏడాదిదే. చలి ముదిరేసరికి కూలి ఈగలు, మగ ఈగలు, పాత రాణి అన్నీ చచ్చిపోతాయి. జతకట్టిన కొత్త రాణులే ఏ బెరడు కిందో దాక్కుని బతుకుతాయి. చలి తగ్గాక ఒక్కో రాణి ఒంటరిగా గూడు కట్టి, గుడ్లు పెట్టి, వేటాడి పిల్లల్ని పోషించాలి. మొదటి కూలి ఈగలు బయటికొచ్చేలోపు రాణి పోతే ఆ గూడు పోయినట్టే. అందుకే వసంతంలో ఎడతెరిపి లేని వాన, చలి పట్టుకుంటే ఆ వేసవి లెక్క అప్పుడే సగం తేలిపోతుంది. వెచ్చటి చలికాలం వాటికి మేలనీ అనుకోకు. నిద్రలోనే ఒంట్లో కొవ్వు త్వరగా కరిగిపోతుంది, తిండి దొరకని రోజుల్లో మెలకువ వస్తుంది.

మా పాత బృందంలో ఒక పెద్దాయన ఉండేవారు. వేసవి చివర్లో తీపి నీళ్ల ఉచ్చులు పెట్టి, వాటిలో పడ్డవాటినే లెక్కపెట్టేవారు. ఒక ఏడు ఉచ్చులు నిండిపోయాయి. ఎండలు ఎక్కువ కాబట్టి కందిరీగలు పెరిగాయని రిపోర్టు రాసేశారు. మేం తిరిగి తుట్టెలు లెక్కపెడితే, ముందటేడు ఎన్నో ఇంచుమించు అన్నే! పెద్ద ఈగలు పిల్లలకు మాంసం పెడితే, పిల్లలు బదులుగా తీపి ద్రవం ఇస్తాయి. సీజను చివర్లో పిల్లలు తగ్గిపోతే ఆ తీపీ ఉండదు, అందుకే అవి మన పళ్ల మీదికి వస్తాయి. ఆయన లెక్కపెట్టింది వాటి ఆకలిని. పైగా ఆ కారణం కోసం ఆ వేసవి ఎండల్లోనే వెతికారు, ముందటేడు వైపు చూడనేలేదు. రాణులు మరీ ఎక్కువైతే వసంతంలో ఒకదాని గూటి కోసం ఇంకోటి చంపుకుంటాయి. అందుకే కిక్కిరిసిన ఏడాది తర్వాత తరచు పల్చటి ఏడాది వస్తుంది. ఇంగ్లండ్‌లో 39 ఏళ్ల లెక్కలు, న్యూజిలాండ్‌లో 23 ఏళ్ల లెక్కలు కలిపి చూసిన 2017 నాటి అధ్యయనంలోనూ ముందటేటి సంఖ్య ప్రభావం బలంగా కనిపించింది. నువ్వేమో మూడేళ్లలో తేల్చేస్తానన్నావట! మూడేళ్లతో ఏం తేలుతుందే? ఓపిక పట్టు తల్లీ, నీ తర్వాత వచ్చేవాళ్లకు కూడా పనికొచ్చేలా రాసిపెట్టు.

ఇక నన్ను నిద్రపోనివ్వని మాట. మాతో పనిచేసిన ఒకతన్ని ఎన్నోసార్లు కుట్టాయి, ఏమీ కాలేదు. ఒకరోజు ఒక్కటే కుట్టింది, గొంతు వాచి కూలబడ్డాడు. సమయానికి ఇంజెక్షన్ పడబట్టి బతికాడు. మొదట్లో ఏమీ కానివాళ్లకు కూడా ఎలర్జీ తర్వాత రావచ్చు. తుట్టె దగ్గర ఒక్క ఈగనూ నలపకు, ఆ వాసనకి మిగతావన్నీ మీద పడతాయి. డాక్టర్ని అడిగి అడ్రినలిన్ ఇంజెక్షన్ దగ్గర పెట్టుకో. ఒంటరిగా వెళ్లకు. నీతో ఎవరొస్తారో, వాళ్ల ఫోన్ నంబరేమిటో నాకు ఈ వారమే పంపు.

మీ పెద్దమ్మ