కౌన్సిల్ పేరుతో పడిన కోతలు ఎందుకు?

ప్రశ్న: ఇంగ్లండ్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాం. మా బ్యాంకు ఖాతాలోంచి నెలనెలా కౌన్సిల్ పేరుతో డబ్బు పోతోంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఏమీ పోలేదు. ఏప్రిల్‌లో పోయిన మొత్తం మే నెలకంటే ఎక్కువగా ఉంది. ఇది చాలదన్నట్టు అదే కౌన్సిల్ పేరుతో ఇంకో చిన్న మొత్తం కూడా పోయింది. ఇది పొరపాటైతే బ్యాంకును వాపసు అడగవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసినదాన్నిబట్టి చూస్తే నెలనెలా పోతున్నది కౌన్సిల్ ట్యాక్స్, అంటే మీ ఊరి స్థానిక సంస్థ (కౌన్సిల్) ఇంటిమీద వేసే పన్ను అయి ఉండాలి. ఇది ఏప్రిల్ నుంచి మార్చి వరకు లెక్కగట్టే ఏడాది పన్నే అయినా, మామూలుగా ఏప్రిల్ నుంచి జనవరి దాకా పది వాయిదాల్లోనే వసూలు చేస్తారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోత పడకపోవడానికి కారణం అంతే. ఆ భారం ఏడాది పొడవునా సమంగా ఉండాలనుకుంటే పన్నెండు వాయిదాలు కావాలని కౌన్సిల్‌ను కోరవచ్చు.

ఏప్రిల్ మొత్తంలో తేడాకు కారణం చిల్లర సర్దుబాటు. ఏడాది బిల్లు 1,804 పౌండ్ల 47 పెన్నీలు అనుకుందాం. చాలా కౌన్సిళ్లు మొదటి వాయిదాగా 184.47 పౌండ్లు తీసుకుని, మిగిలిన తొమ్మిదింటినీ 180 పౌండ్ల చొప్పున సరిచేస్తాయి. స్టేట్‌మెంట్‌లో ఈ వివరమేదీ కనిపించదు కనుక మీరు కంగారుపడడం సహజమే. మార్చిలో వచ్చిన బిల్లును పక్కన పెట్టుకుని చూస్తే, తేదీలతో సహా ప్రతి వాయిదా అందులో అచ్చయి ఉంటుంది. డబ్బు ఒక్క కౌన్సిల్ పేరుతోనే పోయినా, అందులో పోలీసు, అగ్నిమాపక సేవల వాటా, కొన్ని ప్రాంతాల్లో కౌంటీ కౌన్సిల్ వాటా కూడా కలిసి ఉంటాయి. ఇంగ్లండ్‌లో నీటి ఛార్జీ మాత్రం ఇందులో ఉండదు, దాన్ని నీటి సంస్థ విడిగా వసూలు చేస్తుంది.

రెండో చిన్న మొత్తాన్ని పోల్చుకోవడానికి దాని పక్కనున్న రిఫరెన్స్ నంబరు చూడండి. అది బిల్లు మీది కౌన్సిల్ ట్యాక్స్ ఖాతా నంబరుతో కలవకపోతే, అది వేరే సేవకు సంబంధించినది: తోట చెత్త తీసుకెళ్లే బిన్ చందా, ఇంటి ముందు కారు నిలిపే పర్మిట్, లేదా పార్కింగ్ జరిమానా. డైరెక్ట్ డెబిట్ (మీ అనుమతితో ఖాతాలోంచి నేరుగా డబ్బు తీసుకునే పద్ధతి) కాకుండా కార్డు చెల్లింపుగా నమోదై ఉంటే, ఇంట్లో ఎవరో ఒకరు ఆన్‌లైన్‌లో కట్టి ఉంటారు. ముందు వాళ్లను అడగండి!

ఇక వాపసు సంగతి. డైరెక్ట్ డెబిట్ హామీ ప్రకారం, చెప్పిన మొత్తంకన్నా ఎక్కువ తీసుకున్నా, చెప్పిన తేదీకి ముందే తీసుకున్నా బ్యాంకు వెంటనే పూర్తి మొత్తం తిరిగి ఇవ్వాలి. అయితే బ్యాంకు డబ్బు ఇచ్చినంత మాత్రాన పన్ను బాకీ రద్దు కాదు. తొందరపడి డైరెక్ట్ డెబిట్ రద్దు చేసుకుంటే మరీ ఇబ్బంది: వాయిదా తప్పినందుకు కౌన్సిల్ రిమైండర్ పంపుతుంది, ఏడు రోజుల్లో కట్టకపోతే వాయిదాల సౌకర్యం పోయి ఏడాదికి మిగిలిన మొత్తమంతా ఒకేసారి కట్టాల్సి రావచ్చు. కాబట్టి ముందు కౌన్సిల్‌కే రాసి లెక్క అడగండి.

అదే ఉత్తరంలో మరో విషయం కూడా కనుక్కోండి. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉన్నా, ఇద్దరిలో ఒకరు పూర్తికాలపు విద్యార్థి అయినా పన్నులో 25 శాతం తగ్గింపు ఉంటుంది. ఆ అర్హత ఉందని కౌన్సిల్‌కు మీరే తెలియజేయాలి. తగ్గింపు మంజూరైతే కొత్త బిల్లు వస్తుంది, ఆ పైన వాయిదాల మొత్తం మళ్లీ మారుతుంది.