విటమిన్ మాత్రలతో చర్మ క్యాన్సర్‌ను ఆపవచ్చా?

అందరికీ పనిచేసే విటమిన్ మాత్ర ఏదీ లేదు. కొందరి విషయంలో మాత్రం ఒకదానికి మంచి ఆధారం ఉంది. అది బి3 విటమిన్‌లో ఒక రూపమైన నికోటినమైడ్.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మ కణాల డీఎన్ఏను దెబ్బతీస్తాయి. దాన్ని బాగుచేసుకోవడానికి కణానికి శక్తి కావాలి, కానీ అవే కిరణాలు ఆ శక్తినీ హరిస్తాయి. నికోటినమైడ్ ఆ శక్తి పడిపోకుండా కాపాడుతుంది. ఆస్ట్రేలియాలో 386 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. వాళ్లందరికీ అంతకుముందు ఐదేళ్లలో మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్) కాని చర్మ క్యాన్సర్లు కనీసం రెండు వచ్చి ఉన్నాయి. రోజుకు రెండుసార్లు 500 మిల్లీగ్రాముల చొప్పున ఏడాది వాడినవాళ్లలో కొత్త క్యాన్సర్లు, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లతో పోలిస్తే, 23 శాతం తక్కువ. మాత్ర ఆపేశాక ఆ లాభం నిలవలేదు. అవయవ మార్పిడి చేయించుకున్నవారిపై జరిగిన మరో పరీక్షలో, 2023లో, ప్రయోజనం కనబడలేదు.

కొనేటప్పుడు జాగ్రత్త: నియాసిన్ కూడా బి3నే, కానీ దానితో ముఖం ఎర్రబడి మంట పుడుతుంది.

శరీరంలో ఎ విటమిన్‌గా మారే బీటా కెరోటిన్ మాత్రల మీద ఆశ పెట్టుకోకండి. అవి చర్మ క్యాన్సర్‌ను ఆపలేదు సరికదా, పొగతాగేవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను పెంచాయి.

మన చర్మఛాయ ఉన్నవాళ్లకు చర్మ క్యాన్సర్ ముప్పు బాగా తక్కువ. అందుకే ఇంతకుముందు చర్మ క్యాన్సర్ రానివాళ్లు నికోటినమైడ్ మొదలుపెట్టాల్సిన పనిలేదని నా అభిప్రాయం. మానని పుండు, అరికాలిలోనో గోరు కిందనో పెరుగుతున్న నల్లమచ్చ ఉంటే మాత్రం వెంటనే చర్మవైద్యులకు చూపించండి.