తప్పు జవాబు దగ్గర ఆగండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఛాత్రోపాధ్యాయులవే. డిగ్రీ, పీజీ ముగించుకుని, హైస్కూలు టీచర్లు కావాలని శిక్షణ కోర్సులో చేరినవాళ్లు. ఉత్తరాల నిండా విసుగు. నాకది నచ్చింది. పదకొండేళ్లు బడిలో లెక్కలు చెప్పి, ఆ తర్వాత ఇరవై రెండేళ్లు ఇదే కోర్సులో గణిత బోధన పద్ధతులు చెప్పినదాన్ని. విసుగుపడని ఛాత్రోపాధ్యాయుణ్ణి చూస్తే నాకు కాస్త అనుమానం.

ప్రశ్న: నేను గణితంలో పీజీ చేశాను, మంచి ర్యాంకు కూడా వచ్చింది. ఇక్కడ వారం రోజులుగా దశాంశ భిన్నాలు ఎలా చెప్పాలో చెబుతున్నారు. విషయం వచ్చినవాళ్లకు చెప్పడం రాదా? ఈ ఏడాదంతా దండగ అనిపిస్తోంది.

నేనూ ఈ కోర్సును తిట్టుకుంటూ పూర్తిచేసినదాన్నే. ఇది దేనికో నాకు తెలిసివచ్చింది ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఆరో తరగతి గదిలో.

ఆ రోజు పాఠం దశాంశాలను పోల్చడం. నల్లబల్ల మీద మూడు జతలు రాశాను: 0.8, 0.35; 0.6, 0.125; 0.9, 0.47. ప్రతి జతలో పెద్దదేదో చెప్పాలి. కొందరు 0.35 అన్నారు. ఎనిమిది కంటే ముప్పై అయిదు పెద్దది కదా అని వాళ్ల లెక్క. నేను ఊహించిన తప్పే. 0.8 పక్కన సున్నా చేర్చి, 80 వందో వంతులు, 35 వందో వంతులు అని చూపించాను. సర్దుకున్నారు. మూడో బెంచీలో ఒక అమ్మాయి మాత్రం మొదటి నుంచీ మూడూ సరిగ్గా రాసింది. ఆమె నోటుపుస్తకంలో మూడు టిక్కులు పెట్టి, కింద ‘చాలా బాగుంది’ అని కూడా రాశాను.

గంట కొట్టడానికి కాస్త వ్యవధి మిగిలింది. తప్పు చేసినవాళ్లకు మరోసారి వినిపించినట్టు ఉంటుందని, ‘ఎలా చెప్పావో అందరికీ చెప్పమ్మా’ అన్నాను. ఆ అమ్మాయి లేచి నిలబడి, తడబడకుండా చెప్పింది: ‘చుక్క తర్వాత ఒక అంకె ఉంటే పదో వంతులు టీచర్. రెండుంటే వందో వంతులు. పదో వంతు పెద్ద ముక్క, వందో వంతు చిన్న ముక్క. అందుకని అంకెలు తక్కువున్నదే పెద్దది.’

మొదటి మూడు వాక్యాల దాకా తల ఊపుతూనే ఉన్నాను. నాలుగో వాక్యం దగ్గర నా తల ఆగింది. బల్ల మీద 0.3, 0.45 రాసి, ఏది పెద్దదని అడిగాను. క్షణం ఆలోచించకుండా 0.3 అంది.

నేను రాసిన మూడు జతలూ మళ్లీ చూడండి. మూడింటిలోనూ అంకెలు తక్కువున్న సంఖ్యే పెద్దది. జతలు ఎంచుకున్నది నేను. ‘అంకెలు ఎక్కువుంటే పెద్దది’ అనుకునే పిల్లలను ఆ జతలు పట్టుకున్నాయి. ‘అంకెలు తక్కువుంటే పెద్దది’ అనుకునే పిల్ల వాటి మధ్య నుంచి హాయిగా దాటిపోయింది, పైగా నా మెప్పు కూడా పొందింది. రెండో రకం పిల్లలు బయటపడాలంటే 0.3, 0.45 లాంటి జత కూడా వేయాలి. ఇంతే సంగతి. కానీ ఈ ఇంత సంగతి నేను చదివిన పీజీ పుస్తకాల్లో ఎక్కడా లేదు. వాస్తవ సంఖ్యల నిర్మాణం మీద పరీక్ష రాసి వచ్చిన నాకు, ఒక పదకొండేళ్ల పిల్ల 0.3 పెద్దదని ఎందుకు అనుకుంటుందో తెలియదు. గణిత పరిశోధకులకు అది తెలియకపోయినా జరిగిపోతుంది. టీచరుకు జరగదు.

అమెరికన్ విద్యావేత్త లీ షుల్మన్ 1986లో ఈ తెలివికి ఒక పేరు పెట్టారు. తెలుగులో బోధనా విషయ పరిజ్ఞానం అనవచ్చు. విషయం తెలియడం వేరు, తరగతిని నడపడం తెలియడం వేరు. ఈ రెండూ కలిసిన చోట టీచర్లకే సొంతమైన తెలివి ఒకటుందని ఆయన వాదన. ఏ ఉదాహరణ ఇస్తే అందుతుంది, ఏ భాగం ఎందుకు కష్టం, పిల్లలు ఏమేం అనుకుంటూ ఈ పాఠంలోకి వస్తారు, ఇదంతా అందులోకి వస్తుంది. మీ కోర్సులో మెథడ్ సబ్జెక్టు ఉన్నది దీనికే.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. మీ లెక్చరర్ వారమంతా ‘సున్నా చేర్చి పోల్చండి’ దగ్గరే తిరుగుతుంటే మీ విసుగు న్యాయమైనదే. లేచి అడగండి: ఈ పాఠంలో పిల్లలు ఎన్ని రకాలుగా తప్పు చేస్తారు, ఏ లెక్క ఇస్తే ఏ రకం బయటపడుతుంది? ఆ చర్చ మొదలైతే మీ పీజీ బాగా అక్కరకొస్తుంది. పిల్ల చెప్పిన ఆ నాలుగు వాక్యాల్లో సరిగ్గా ఎక్కడ దారి తప్పిందో వేలు పెట్టి చూపాలంటే విషయం గట్టిగా రావాలి మరి.

ప్రశ్న: ఒక్క పీరియడుకు ఏడెనిమిది పేజీల పాఠ్యపథకం రాయమంటున్నారు. లక్ష్యాలు, స్పష్టీకరణలు, గళ్లు, గీతలు. బడిలో ఏ టీచరూ ఇలా రాయడం నేను చూడలేదు.

నేనూ చూడలేదు. రికార్డుకు అట్ట వేసి, రంగు పెన్నులతో గీతలు కొట్టే పనిలో మీ ఆదివారాలు పోతుంటే నా సానుభూతి.

లక్ష్యాల గొడవ మాత్రం కొంచెం వినండి. 1956లో అమెరికన్ విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్, ఆయన సహచరులు బోధన లక్ష్యాలను జ్ఞానం, అవగాహన, వినియోగం అంటూ అంతస్తులుగా వర్గీకరించారు. 2001లో దాన్ని సవరించారు కూడా. ఆ మొదటి బృందంలో ఎక్కువమంది కాలేజీల్లో పరీక్షలు తయారుచేసేవాళ్లు. ప్రశ్నలు ఒకరితో ఒకరు పంచుకోవాలంటే ఏ ప్రశ్న దేన్ని పరీక్షిస్తోందో చెప్పే ఉమ్మడి భాష వాళ్లకు కావలసి వచ్చింది. పరీక్షల బల్ల మీద పుట్టిన ఆ భాష మీ రికార్డులో గళ్లుగా మారి కూర్చుంది. అందులో పనికొచ్చే మాట ఒకటుంది. ‘విద్యార్థులు దశాంశాలను అర్థం చేసుకుంటారు’ అని రాస్తే, అర్థం చేసుకున్నారని మీకెలా తెలుస్తుంది? ‘0.3, 0.45లో పెద్దదేదో చెప్పి, కారణం వివరిస్తారు’ అని రాయండి. అది మీ కళ్లకు కనబడుతుంది, చెవికి వినబడుతుంది.

నా విద్యార్థుల చేత నేను పట్టుబట్టి రాయించింది ఒకే గడి: ఈ ప్రశ్నకు పిల్లలు ఏమేం జవాబులు చెప్పవచ్చు, తప్పువాటితో సహా. జపాన్‌లో టీచర్లు గుంపుగా కూర్చుని ఒకే పాఠాన్ని తయారుచేసి, ఒకరు బోధిస్తుంటే మిగతావాళ్లు పిల్లలను గమనించే పద్ధతి ఎన్నాళ్లుగానో ఉంది. వాళ్ల పాఠ్యపథకాల్లో పిల్లలు చెప్పబోయే జవాబులకు ప్రత్యేకంగా చోటుంటుంది. ఆ గడి నిండిందంటే పథకం పేజీన్నరలో ముగిసినా నేను సంతకం పెట్టేదాన్ని. ఖాళీగా ఉంటే పది పేజీలున్నా వెనక్కి ఇచ్చేదాన్ని. నన్ను తిట్టుకున్న బ్యాచ్‌లు చాలానే ఉన్నాయి.

ప్రశ్న: సూక్ష్మబోధన పేరుతో మా స్నేహితుల ముందే నిలబడి పాఠం చెప్పాలి. వాళ్లు పిల్లల్లా నటిస్తారు, నేను టీచరులా నటిస్తాను. నాటకంలా ఉంది.

నాటకమే. కాకపోతే నాటకం తప్పు వేస్తున్నారు.

1963 ప్రాంతంలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ అలెన్ బృందం దీన్ని మొదలుపెట్టినప్పుడు ఆలోచన చిన్నది. కొద్దిమంది విద్యార్థులు, కొద్ది నిమిషాలు, ఒకే ఒక్క నైపుణ్యం. చెప్పిన పాఠాన్ని చూసుకుని, లోపం దిద్దుకుని, మళ్లీ చెప్పాలి. ఈ ‘మళ్లీ చెప్పడం’ దగ్గరే అసలు పని జరుగుతుంది. చాలా చోట్ల టైము లేదని ముందుగా కోసేసేది కూడా దాన్నే.

మీ స్నేహితులు చేసే పొరపాటు ఏమిటంటే, ప్రశ్న వేయగానే సరైన జవాబు చెప్పేస్తారు. మీ మీద ప్రేమ కొద్దీ. అందుకే నేను పాఠానికి ముందు ఒకరిని పక్కకు పిలిచి, అసలు పిల్లల నోటుపుస్తకంలోంచి ఎత్తిన ఒక తప్పును చేతిలో పెట్టేదాన్ని. ఎంత వివరించినా ఆ తప్పును వదలకూడదని షరతు. పాఠం చెప్పేవాళ్ల ముఖం అప్పుడు చూడాలి.

ఇంకొకటి, ఫోనులో మీ పాఠాన్ని రికార్డు చేయండి. ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నారో లెక్కపెట్టండి. మేరీ బడ్ రో అనే సైన్సు విద్యావేత్త తరగతి గదుల టేపులు విని ఇదే లెక్కపెట్టారు. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను దాకా ఆగుతున్నారు, అంతే. ఆ వ్యవధిని మూడు సెకన్లకో ఇంకాస్త పైకో పెంచితే జవాబులు పొడుగయ్యాయి, మామూలుగా నోరు విప్పని పిల్లలు మాట్లాడారు. 1970ల నాటి మాట ఇది. ఇది చదివాక నేను నా పాఠాన్ని టేపు చేసుకున్నాను. నలభై నిమిషాల్లో నా ప్రశ్నలకు నేనే జవాబు చెప్పుకున్నవి పదిహేడు. రెండు చోట్లయితే పిల్లాడు ‘అంటే టీచర్...’ అని మొదలుపెట్టాడు, నేను మీద పడి జవాబు పూర్తిచేశాను. ఆ పిల్లాడు ఏమనబోయాడో ఇప్పటికీ తెలియదు.

మూడు సెకన్లు చెప్పినంత తేలిక కాదు. మొదట్లో నేను కొంగు కింద వేళ్లు మడిచి లెక్కపెట్టుకునేదాన్ని.

ప్రశ్న: పిల్లలు దృశ్య, శ్రవణ, చలన అభ్యాసకులని, అంటే చూసి, విని, చేసి నేర్చుకునేవాళ్లని మూడు రకాలట. మా తరగతిలో పిల్లలను అలా విభజించి అసైన్‌మెంటు రాయమన్నారు.

ఏ పిల్లకు ఏ పద్ధతి ఇష్టమో ఉండవచ్చు. ఆ ఇష్టానికి తగ్గట్టు బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారాలు లేవని 2008లో నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను పరిశీలించి తేల్చారు. త్రిభుజాన్ని అందరికీ గీసి చూపించాల్సిందే, పద్యాన్ని అందరికీ చదివి వినిపించాల్సిందే. ఎలా చెప్పాలో పాఠమే చెబుతుంది. మార్కులు కావాలి కాబట్టి అసైన్‌మెంటు రాసేయండి. చివరి పేరాలో ఈ మాట కూడా రాయండి. మీ లెక్చరర్ మంచివారైతే ఒక మార్కు ఎక్కువే వేస్తారు.

ప్రశ్న: ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు ఒక రకం, తొమ్మిది, పది ఇంకో రకం. మా కోర్సులో అందరికీ కలిపి ఒకే మనోవిజ్ఞాన శాస్త్రం పేపరు. నాకు అల్లరి అంటే భయం.

పిల్లల ఆలోచన ఏ వయసులో ఎలా ఎదుగుతుందో మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే చెప్పిన దశలు ఆ పేపరులో చదివే ఉంటారు. పదకొండు, పన్నెండేళ్ల నుంచి అమూర్త ఆలోచన మొదలవుతుందని రాసి ఉంటుంది. పుట్టినరోజు నాడు స్విచ్ వేసినట్టు అది రాదు. ఒకే ఏడో తరగతిలో ఒకడు ‘ఎక్స్’ అంటే ఏ సంఖ్యయినా కావచ్చని ఒప్పుకుంటాడు, పక్కవాడు ‘ఇంతకీ అది ఎంత?’ అని వదలడు. తొమ్మిదిలోనూ ఆ పక్కవాడు ఉంటాడు, కాకపోతే అడగడం మానేస్తాడు. నలుగురిలో నవ్వులపాలవుతానని. నా మటుకు నాకు చిన్న తరగతుల అల్లరి కంటే పెద్ద తరగతుల మౌనమే ఎక్కువ భయపెట్టింది.

అల్లరి సంగతికి వస్తే, 1970లో జేకబ్ కూనిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రచురించిన పరిశీలన ఒకటుంది. తరగతిని బాగా నడిపే టీచర్లకూ నడపలేనివాళ్లకూ మందలించే తీరులో పెద్ద తేడా ఆయనకు కనబడలేదు. తేడా అంతకుముందే ఉంది: గదిలో ఏ మూల ఏం జరుగుతోందో గమనిస్తూ ఉండడంలో, ఒక పని నుంచి ఇంకో పనికి జాగు లేకుండా మారడంలో. కాబట్టి గొంతు పెంచడం సాధన చేయకండి. పిల్లలకు వీపు చూపకుండా బల్ల మీద రాయడం సాధన చేయండి. ఓరగా నిలబడి, భుజం మీదుగా చూస్తూ. అక్షరాలు వంకర పోతాయి, పోనివ్వండి.

ప్రశ్న: బోధనాభ్యాసానికి వెళ్లిన బడిలో మా మార్గదర్శక ఉపాధ్యాయుడు మొదటి రోజే ‘కాలేజీలో నేర్చుకున్నదంతా మరిచిపో, ఇక్కడ పనికిరాదు’ అన్నారు. ఎవరి మాట వినాలి?

ఈ మాట ప్రతి ఛాత్రోపాధ్యాయుడికీ ఎవరో ఒకరు చెబుతారు. నాకు చెప్పినాయన సుద్దముక్క చేతికిచ్చి మరీ చెప్పారు.

డాన్ లోర్టీ అనే సామాజిక శాస్త్రవేత్త 1975లో ఒక లెక్క చెప్పారు. బడి చదువు ముగిసేసరికి ఒక విద్యార్థి తన టీచర్లతో దాదాపు 13,000 గంటలు గడుపుతాడట. అంటే శిక్షణలో చేరకముందే మీరు అన్ని గంటలు బోధనను చూశారు, అదీ బెంచీ వైపు నుంచి. టీచరు ఏం చేశారో చూశారు, ఎందుకు చేశారో చూడలేదు. కాలేజీలో నేర్చుకున్నది మరిచిపోతే మిగిలేది ఖాళీ కాదు. ఆ 13,000 గంటలే మిగులుతాయి. మీకు చిన్నప్పుడు ఎలా చెప్పారో అలాగే చెప్పడం మొదలుపెడతారు. నేను సున్నా చేర్చింది కూడా అలాగే, నాకు మా టీచరు చేర్చారు కాబట్టి.

అలాగని ఆయనతో వాదన పెట్టుకోకండి. ఇరవై ఏళ్లు అదే పాఠం చెప్పిన మనిషికి తెలిసినవి మీ లెక్చరర్లకు, నాతో సహా, తెలియనివి చాలా ఉంటాయి. కాకపోతే ఆయన వాటిని ఎక్కడా రాసుకుని ఉండరు, ఎవరూ అడిగి ఉండరు. మధ్యాహ్నం ఖాళీ పీరియడులో పక్కన కూర్చుని, ‘సార్, ఈ పాఠంలో మన పిల్లలు ఎక్కడెక్కడ తప్పు చేస్తారు?’ అని అడగండి. ముందు ‘అన్ని చోట్లా చేస్తారు’ అంటారు. మూడు సెకన్లు ఆగండి. ఆ తర్వాత చెప్పడం మొదలుపెడతారు. నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి.