టెక్ సందేహాలు: డైనో మీద కారు ఏ గేరులో పరిగెత్తాలి?

సందేహం: నాది ఐదు గేర్ల టర్బో డీజిల్ కారు. పికప్ కోసం ఈసీయూ రీమ్యాప్ (ఇంజనును నడిపే కంప్యూటరులోని సాఫ్ట్‌వేర్ ఫైలు మార్చడం) చేయించాను. ముందు ఒకసారి, తర్వాత ఒకసారి డైనో (చక్రాలను రోలర్ మీద తిప్పి పవర్ కొలిచే యంత్రం) మీద పెట్టి 14 హార్స్‌పవర్ పెరిగిందని కాగితాలు ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే మొదటి పరీక్ష మూడో గేరులో, రెండోది నాలుగో గేరులో చేసినట్టుంది. గేరు మారితే లెక్క మారుతుందా? – ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: మారుతుందండీ. ఆ 14లో రీమ్యాప్ ఇచ్చింది ఎంతో, గేరు మార్చడం వల్ల కనిపించింది ఎంతో ఇప్పుడు ఎవరూ విడదీసి చెప్పలేరు. డబ్బు కట్టింది మీరు. పాత ఫైలు ఒకసారి, కొత్త ఫైలు ఒకసారి ఎక్కించి, ఒకే గేరులో మళ్లీ కొలిచి చూపించమని గట్టిగా అడగండి.

పవర్ అంటే టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, తిరిగే వేగంతో హెచ్చించగా వచ్చేది. గేరు తగ్గిస్తే చక్రం దగ్గర టార్క్ పెరుగుతుంది, వేగం అదే నిష్పత్తిలో తగ్గుతుంది. కాగితం మీద రెండూ సరిపోవాలి. రోలర్ మీద సరిపోవు. బరువైన డ్రమ్ము ఎంత త్వరగా వేగం అందుకుందో చూసి పవర్ లెక్కగట్టే ఇనర్షియా డైనోలో, ఇంజను తన శక్తిలో కొంత తనలోనే తిరిగే బరువైన భాగాలను (ఫ్లైవీల్‌ను, క్రాంక్‌ను) తిప్పుకోవడానికే ఖర్చు పెడుతుంది. ఆ భారం గేరు నిష్పత్తి (గేరుబాక్సు అవుట్‌పుట్ ఒక చుట్టు తిరగడానికి ఇంజను తిరిగే చుట్లు) వర్గాన్ని బట్టి పెరుగుతుంది. నాలుగో గేరు 1.0, మూడోది 1.4 అనుకోండి. 1.4ని 1.4తో గుణిస్తే 1.96. అంటే మూడో గేరులో ఆ భారం దాదాపు రెట్టింపు. పైగా చిన్న గేరులో ఆర్పీఎం గబగబా ఎగబాకుతుంది, టర్బోకి పూర్తి బూస్ట్ (ఇంజనులోకి నెట్టే గాలి ఒత్తిడి) అందుకునే వ్యవధి దొరకదు. అందుకే మూడో గేరులో అంకె తక్కువగా వచ్చే అవకాశమే ఎక్కువ. మీ విషయంలో ఆ తక్కువ అంకే ‘ముందు’ కాగితంలోకి ఎక్కింది, తేడా పెద్దదిగా కనపడింది.

మరి ఏ గేరు? 1:1కి దగ్గరగా ఉన్నది. ఐదు గేర్ల బండిలో అది సాధారణంగా నాలుగోది. బొలెరో లాంటి వెనక చక్రాల బండ్లలో 1:1 గేరు పడితే ఇన్‌పుట్, అవుట్‌పుట్ షాఫ్టులు నేరుగా కలిసిపోతాయి, పళ్ల మధ్య రాపిడి నష్టం తగ్గుతుంది. ముందు చక్రాల కార్లలో ఏ గేరులోనైనా పళ్ల జత మీదుగానే శక్తి వెళ్లాలి కాబట్టి ఆ లాభం లేదు. అయినా అదే గేరు మంచిది. ఎందుకంటే ఇంకా కిందికి దిగితే చక్రం దగ్గర టార్క్ ఎక్కువై టైరు రోలర్ మీద జారుతుంది. అయిదో గేరుకు వెళ్తే టైరుకే ముప్పు. లెక్క చూడండి: 185/65 ఆర్15 టైరు చుట్టుకొలత సుమారు 1.95 మీటర్లు, ఫైనల్ డ్రైవ్ (గేరుబాక్సు తర్వాత చక్రాలకు ముందుండే చివరి గేరు జత) నిష్పత్తి 3.6, ఇంజను 4500 ఆర్పీఎం అనుకుందాం. నాలుగో గేరులో గంటకు 146 కిలోమీటర్లు. 0.75 నిష్పత్తి ఉన్న అయిదో గేరులో 195. టైరు పక్కన టీ అక్షరం ఉంటే దాని పరిమితి 190 మాత్రమే. పరీక్షకు ముందు ఆ అక్షరం మీరే చదవండి, వాళ్లు చూస్తార్లే అనుకోవద్దు.

మరో రెండు మాటలు. డైనోలో రోలర్ వేగానికి ఇంజను ఆర్పీఎంను మూడో గేరులో జతచేసి సరిచూసి, ఆ అమరిక మార్చకుండా నాలుగో గేరులో నడిపితే టార్క్ గ్రాఫ్ మొత్తం తప్పుతుంది. అలాగే గాలి. భీమవరంలో మే మధ్యాహ్నపు ఉక్కపోతలో ఇంజను పీల్చే గాలి, డిసెంబరు ఉదయం పీల్చే గాలి ఒకటి కావు. ఎస్ఏఈ జె1349 ప్రమాణం అంకెల్ని 25 డిగ్రీల దగ్గరికి సవరిస్తుంది గానీ, టర్బో ఇంజన్లకు ఆ సవరణ అంత బాగా నప్పదు. సవరణ లేని అంకెలూ అడిగి తీసుకోండి. రెండు పరీక్షలూ ఒకే రోజు, అదే టైరు గాలి, అదే ఫ్యాను, ఒక్కోటి కనీసం మూడుసార్లు.

సందేహం: ఓబీడీ అడాప్టర్ (కారు కంప్యూటరు సమాచారాన్ని ఫోనుకు పంపే చిన్న పరికరం) పెట్టి ఫోన్ యాప్‌లో హార్స్‌పవర్ చూడొచ్చా? ఏ గేరులో? – అమలాపురం

జవాబు: ముందు, తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది, అసలు అంకెగా నమ్మొద్దు. ఇలాంటి యాప్‌లు చాలావరకు మీరిచ్చిన బరువు, బండి వేగం పుంజుకున్న తీరు చూసి అంచనా వేస్తాయి. వెనక సీట్లో ఇద్దరు ఎక్కితే అంకె మారిపోతుంది. రోడ్డు మీద నాలుగో గేరు ఊసే వద్దు, రెండో గేరు చాలు. మన డెల్టా నేల చదునుగా ఉండటం కలిసొచ్చే విషయమే. అయితే సముద్రం గాలి అంకెను ఇటూ అటూ లాగుతుంది, కాబట్టి రెండు దిక్కులా నడిపి సగటు తీయండి. కాలవ గట్ల మీద మాత్రం ఈ పని దయచేసి చేయకండి. ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరు వస్తే తప్పుకోవడానికి చోటుండదు.

సందేహం: నాది సీవీటీ (విడివిడి గేర్లు లేకుండా నిష్పత్తి దానంతటదే మారుతూ పోయే) ఆటోమేటిక్. డైనో మీద ఎలా? – తణుకు

జవాబు: మాన్యువల్ మోడ్ ఉంటే అందులో 1:1కి దగ్గరి మెట్టు మీద ఆపి నడపమనండి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా కిక్‌డౌన్ (దానంతటదే కింది నిష్పత్తికి దిగడం) కాకూడదు. డి (డ్రైవ్)లో వదిలేస్తే నిష్పత్తి నడి పరుగులో మారిపోతూ ఉంటుంది, ఆ గ్రాఫుతో దేన్నీ పోల్చలేం. ట్రాక్షన్ కంట్రోల్ ఆపడం మరిచిపోవద్దు. రెండే చక్రాలు తిరుగుతుంటే అది జారుడని పొరబడి పవర్ కోసేస్తుంది.